వర్డ్ మాక్రోతో ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ ఒకేసారి ప్రింట్ తీయడం: మొదటి నుంచి చివరి దాకా

అనంతపురంలో ఏ డీటీపీ సెంటర్‌కు వెళ్లినా, ఏ స్కూలు ఆఫీసులో తొంగిచూసినా ఈ పని కనిపిస్తుంది. ఫోల్డర్ నిండా వర్డ్ ఫైళ్లు ఉంటాయి. ఒకటి తెరవాలి, కంట్రోల్ పి కొట్టాలి, ఎంటర్ నొక్కాలి, మూసేయాలి, మళ్లీ తర్వాతిది. ఇరవై ఫైళ్లయితే ఓపిక పట్టొచ్చు. రెండు వందలైతే మధ్యలో ఎవరో పిలుస్తారు, ఫోన్ వస్తుంది, ఎక్కడ ఆపామో మర్చిపోతాం. అప్పుడు ఒక ఉత్తరం రెండుసార్లు పడుతుంది, ఇంకొకటి అసలు పడదు. రెండోదే పెద్ద సమస్య. ఎక్కువ పడిన కాగితం చేతిలో కనిపిస్తుంది, పడని కాగితం సంగతి ఎవరికీ తెలియదు.

అందుకే ఈ మార్గదర్శిలో నేను వేగం కంటే లెక్కకే ఎక్కువ విలువ ఇస్తున్నాను. ఏది ప్రింటయింది, ఏది కాలేదు అన్నది ఏ క్షణంలో చూసినా తేలిపోవాలి. మాక్రో అంటే వర్డ్ వరుసగా ఏ పనులు చేయాలో రాసిపెట్టే చిన్న ప్రోగ్రామ్. అలా తేల్చి చెప్పే మాక్రో రాయడానికి పాతిక లైన్లు చాలు. ప్రోగ్రామింగ్ తెలియకపోయినా ఫరవాలేదు.

చెప్పేది తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. చెనిక్కాయ రైతుల సంఘం ఒకటి ఉంది. గార్లదిన్నె, శింగనమల, కూడేరు, నార్పల, బుక్కరాయసముద్రం మండలాల్లో దానికి సభ్యులున్నారు. మహాజన సభకు ప్రతి సభ్యుడికీ నోటీసు, వారి ఖాతా వివరాలతో సహా విడిగా ఫైల్ చేసి పెట్టారు. ఇప్పుడు అవన్నీ ప్రింట్ తీసి, ఊరి వారీగా కట్టలు కట్టి పంపాలి.

మాక్రో నిజంగా కావాలా?

ముందు ఇది తేల్చుకోండి. ఉత్తరమంతా ఒకటే అయి పేరు, ఊరు, బాకీ మొత్తం మాత్రమే మారుతుంటే విడివిడి ఫైళ్లు చేయడమే అనవసరం. ఎక్సెల్‌లో జాబితా పెట్టుకుని, వర్డ్‌లో మెయిలింగ్స్ ట్యాబ్ కింద మెయిల్ మెర్జ్ చేసుకుంటే సరిపోతుంది. చివర్లో ఫినిష్ అండ్ మెర్జ్‌లో ప్రింట్ డాక్యుమెంట్స్ నొక్కితే నేరుగా ప్రింటర్‌కు పోతుంది. మెర్జ్ చేసినదంతా ఒకే ఫైలుగా తెరిచారనుకోండి, అందులో ఒక్కో ఉత్తరం ఒక్కో సెక్షన్‌గా ఉంటుంది. మూడో మనిషి నుంచి ఏడో మనిషి దాకా మాత్రమే కావాలంటే ప్రింట్ తెరలో పేజీల గడిలో మామూలు నంబర్లు వేస్తే కుదరదు. అక్కడ ఇంగ్లిష్ అక్షరాల్లో పి1ఎస్3-పి1ఎస్7 అని వేయాలి. పి అంటే పేజీ, ఎస్ అంటే సెక్షన్. ఇది ఒక్కో మనిషికి ఒకే పేజీ ఉన్నప్పటి లెక్క. రెండేసి పేజీలుంటే రెండో సగం పి2ఎస్7 అవుతుంది.

ఫైళ్లు పదిహేను లోపే అయితే కూడా మాక్రో అక్కర్లేదు. ఫోల్డర్‌లో అన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ చేస్తే ప్రింట్ అని వస్తుంది. విండోస్ 11లో అయితే ముందు షో మోర్ ఆప్షన్స్ నొక్కాల్సి రావచ్చు. పదహారో ఫైల్ సెలెక్ట్ చేయగానే ఆ ప్రింట్ అన్న మాట మెనూలోంచి మాయమవుతుంది. చాలామంది కంప్యూటర్ పాడైందేమో అని టెన్షన్ పడతారు. పాడవలేదు, పదిహేను దాటితే ఆ మెనూ చూపించకూడదని విండోస్‌లోనే హద్దు ఉంది. రిజిస్ట్రీలోకి వెళ్లి ఆ హద్దు పెంచుకోవచ్చు గానీ నేను ఆ దారి చెప్పను. దాంతో ఫైళ్లు ఏ వరుసలో వెళ్తాయో మన చేతిలో ఉండదు, ఎక్కడ ఆగిందో తెలియదు.

వర్డ్‌లోని రికార్డ్ మాక్రోతో అయిపోదా అని కొందరు అడుగుతారు. రికార్డర్ మనం చేసిన పనిని అలాగే గుర్తుపెట్టుకుంటుంది. ఏ ఫైల్ తెరిచామో ఆ ఫైలునే మళ్లీ మళ్లీ తెరుస్తుంది. ఫోల్డర్‌లో ఉన్నవన్నీ ఒకదాని తర్వాత ఒకటి తీసుకో అని చెప్పడం దానికి రాదు. ఆ మాట మనమే రాయాలి.

ముందు ఫోల్డర్ సర్దండి

మాక్రో కంటే ఈ పనికే ఎక్కువ సమయం ఇవ్వండి. ప్రింటర్‌లోంచి కాగితాలు ఏ వరుసలో రావాలో అది ఫైళ్ల పేర్లలోనే ఉండాలి. అప్పుడు వచ్చిన కట్టను మళ్లీ ఊరి వారీగా విడదీసే పని తప్పుతుంది.

పేరు ముందు అంకెలు పెట్టండి, అదీ సున్నాలతో కలిపి. 1, 2, 10 అని పెడితే ఫోల్డర్ తెర మీద సరిగ్గానే కనిపిస్తాయి, ఎందుకంటే విండోస్ అంకెల విలువ చూసి సర్దుతుంది. మాక్రోకు మాత్రం అక్షరాల వరుసే తెలుసు. దాని లెక్కలో 10 ముందు, 2 తర్వాత వస్తాయి. అందుకని 001, 002, 010 అని రాయాలి. మన ఉదాహరణలో గార్లదిన్నెకు 1, శింగనమలకు 2 అనుకుంటే, గార్లదిన్నె సభ్యుల ఫైళ్లు 1-001, 1-002 అని మొదలవుతాయి. అంకెల తర్వాత పేరు తెలుగులో రాసుకోవచ్చు.

ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఉంటే ముందు వాటిని కంప్యూటర్‌లోకి, సీ లేదా డీ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. హార్డ్ డిస్క్ సాధారణంగా ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉంటుంది, అక్కడ ఫైళ్ల జాబితా పేర్ల వరుసలో వస్తుంది. పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్ రకం. వాటిలో ఏ ఫైల్ ముందు కాపీ అయితే అది ముందు వస్తుంది. మీరు ఎంత జాగ్రత్తగా నంబర్లు వేసినా పెన్‌డ్రైవ్ మీదే మాక్రో నడిపితే వరుస చెదిరిపోవచ్చు. కాపీ చేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ మాక్రో ప్రింటయిన ఫైలును వేరే ఫోల్డర్‌లోకి జరుపుతుంది. అసలు ఫైళ్లు ఒకచోట భద్రంగా ఉంచి, కాపీ మీద పని చేయడమే మంచిది.

ఒక్కో మండలానికి ఒక్కో ఫోల్డర్ చేసి ఐదుసార్లు మాక్రో నడపమనే నా సలహా. ఒకేసారి ఐదు వందల ఫైళ్లు క్యూలోకి, అంటే ప్రింట్ కోసం ఎదురుచూసే వరుసలోకి తోస్తే మధ్యలో ఏదైనా జరిగినప్పుడు వెతుక్కోవడం కష్టం. ఒక మండలం అయ్యాక ఆ కట్టకు రబ్బరు బ్యాండ్ వేసి పక్కన పెట్టి, తర్వాతిది మొదలుపెట్టండి.

ఫాంట్ సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తయారైతే, అక్కడున్న తెలుగు ఫాంట్ మీ దగ్గర లేకపోవచ్చు. యూనికోడ్‌లో టైప్ చేసినదైతే వేరే ఫాంట్‌తో అయినా తెలుగే పడుతుంది, కాకపోతే లైన్లు జరిగి ఒక పేజీ ఉత్తరం రెండు పేజీలు కావచ్చు. పాత విండోస్‌లో గౌతమి ఫాంట్ తోడుగా వచ్చేది. విండోస్ 10 నుంచి దాన్ని సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ కింద తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని విడిగా వేసుకోవాలి. అను ఫాంట్ల వంటి పాత పద్ధతిలో టైప్ చేసినదైతే, ఆ ఫాంటే లేనప్పుడు తెలుగుకు బదులు అర్థంలేని అక్షరాలు పడతాయి. ఒకటి రెండు ఫైళ్లు తెరిచి కళ్లారా చూడండి. ఫైల్ తయారుచేసేవాళ్లు మీవాళ్లే అయితే, వర్డ్ ఆప్షన్స్‌లో సేవ్ విభాగంలో ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్ టిక్ పెట్టి పంపమనండి.

మాక్రో ఎక్కడ రాయాలి

ఇది విండోస్ మీద నడిచే వర్డ్ కోసం. వర్డ్ తెరిచి ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి. విజువల్ బేసిక్ ఎడిటర్ తెరుచుకుంటుంది. ఎడమ పక్క జాబితాలో నార్మల్ అన్న పేరు మీద క్లిక్ చేసి, పైన ఇన్సర్ట్ మెనూలో మాడ్యూల్ నొక్కండి. కుడి వైపు తెల్లటి కాగితం వస్తుంది. అక్కడే రాయాలి.

నార్మల్ అన్నది వర్డ్ తెరిచిన ప్రతిసారీ తోడుగా వచ్చే మూస. అందులో రాసిన మాక్రో ఏ ఫైల్ తెరిచినా అందుబాటులో ఉంటుంది. మామూలు డాక్ఎక్స్ ఫైలులో మాక్రో దాచడం కుదరదు, సేవ్ చేయగానే పోతుంది.

సెక్యూరిటీ సెట్టింగ్ మార్చాల్సిన పని సాధారణంగా ఉండదు. ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్, మాక్రో సెట్టింగ్స్ దగ్గర డిసేబుల్ ఆల్ మాక్రోస్ విత్ నోటిఫికేషన్ అని ఉంటే అలాగే ఉండనివ్వండి. నార్మల్ మూస ఉండే చోటును వర్డ్ ముందే నమ్మకమైనదిగా లెక్కేస్తుంది కాబట్టి మన మాక్రో నడుస్తుంది. ఎవరైనా ఎనేబుల్ ఆల్ మాక్రోస్ పెట్టుకోమంటే వినకండి. రోజూ పదిమంది పెన్‌డ్రైవ్‌లు గుచ్చే షాపు కంప్యూటర్‌లో ఆ సెట్టింగ్ పెట్టడం చాలా ప్రమాదం.

కింది లైన్లను ఇక్కడ తెలుగు లిపిలో, పలికే తీరులో రాశాను. ఎడిటర్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలతోనే టైప్ చేయాలి. పెద్ద అక్షరాలా చిన్నవా అన్నది పట్టించుకోనక్కర్లేదు, కోట్స్ లోపల ఉన్నవి మాత్రం చిన్న అక్షరాల్లో రాయండి. కలిపి రాసిన మాట కలిపే ఉండాలి, ఖాళీ ఉన్నచోట ఖాళీ ఉండాలి. చుక్కలు, కామాలు, బ్రాకెట్లు తూచా తప్పకూడదు. ఒక్కో లైన్ మధ్యలో విరగకుండా ఒకే లైనుగా రావాలి. పైన ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్ అన్న లైన్ దానంతటదే వచ్చి ఉంటే తీసేయండి.

మొదటి భాగం, ఫోల్డర్ అడగడం:

సబ్ కట్టప్రింట్()
సెట్ ఎఫ్ఎస్ఓ = క్రియేట్‌ఆబ్జెక్ట్("స్క్రిప్టింగ్.ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్")
సెట్ బాక్స్ = అప్లికేషన్.ఫైల్‌డైలాగ్(4)
ఇఫ్ బాక్స్.షో = 0 దెన్ ఎగ్జిట్ సబ్
ఫోల్డర్ = బాక్స్.సెలెక్టెడ్‌ఐటమ్స్(1)
డన్ = ఫోల్డర్ & "\డన్"
ఇఫ్ నాట్ ఎఫ్ఎస్ఓ.ఫోల్డర్‌ఎగ్జిస్ట్స్(డన్) దెన్ ఎఫ్ఎస్ఓ.క్రియేట్‌ఫోల్డర్ డన్

డైలాగ్ స్పెల్లింగ్ ఇక్కడ జి అక్షరంతో ఆగిపోతుంది, చివర యు, ఇ ఉండవు. 4 అంటే ఫోల్డర్ ఎంచుకునే పెట్టె చూపించు అని. క్యాన్సిల్ నొక్కితే మాక్రో అక్కడే ఆగుతుంది. ఎంచుకున్న ఫోల్డర్ లోపల డన్ అనే చిన్న ఫోల్డర్ లేకపోతే తయారుచేస్తుంది.

రెండో లైన్ దగ్గర కాస్త ఆగాలి. ఇంటర్‌నెట్‌లో దొరికే ఇలాంటి మాక్రోల్లో చాలా వాటిలో ఫైళ్ల జాబితా కోసం డిర్ అనే మూడక్షరాల ఆదేశం ఉంటుంది. ఇంగ్లిష్ పేర్లున్న ఫైళ్లకు అది బాగానే పనిచేస్తుంది. తెలుగు పేరున్న ఫైల్ తగిలిందంటే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు తెచ్చిపెడుతుంది, ఆ పేరుతో ఫైల్ లేదు కాబట్టి మాక్రో ఎర్రర్ చూపి ఆగిపోతుంది. డిర్‌కు యూనికోడ్ రాకపోవడమే దీనికి కారణం. మనం వాడిన ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్‌కు యూనికోడ్ వచ్చు, తెలుగు పేర్లు చక్కగా చదువుతుంది. తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లు ఈ ఒక్క చిక్కు చూసి మాక్రోలు మనకు పనికిరావని వదిలేయవచ్చు. అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను.

ఇదే ఇబ్బంది ఎడిటర్‌కూ ఉంది. అందులో తెలుగు అక్షరాలు టైప్ చేస్తే ప్రశ్నార్థకాలైపోతాయి. అందుకే ఫోల్డర్ దారి కోడ్‌లో రాయకుండా పెట్టెలో ఎంచుకునేలా పెట్టాను. ఫోల్డర్ పేరు తెలుగులో ఉన్నా పని ఆగదు.

రెండో భాగం, జాబితా తయారుచేయడం:

సెట్ లిస్ట్ = న్యూ కలెక్షన్
ఫర్ ఈచ్ ఫైల్ ఇన్ ఎఫ్ఎస్ఓ.గెట్‌ఫోల్డర్(ఫోల్డర్).ఫైల్స్
ఇఫ్ లెఫ్ట్(ఎల్‌కేస్(ఎఫ్ఎస్ఓ.గెట్‌ఎక్స్‌టెన్షన్‌నేమ్(ఫైల్.నేమ్)), 3) = "డాక్" అండ్ నాట్ లెఫ్ట్(ఫైల్.నేమ్, 2) = "~$" దెన్ లిస్ట్.యాడ్ ఫైల్.పాత్
నెక్స్ట్
ఇఫ్ ఎంఎస్‌జిబాక్స్(లిస్ట్.కౌంట్, 1) = 2 దెన్ ఎగ్జిట్ సబ్

డాక్ అంటే డి, ఓ, సి మూడే అక్షరాలు. ఫైల్ రకం ఆ మూడింటితో మొదలైతే చాలంటున్నాం కాబట్టి పాత డాక్ ఫైళ్లు, కొత్త డాక్ఎక్స్ ఫైళ్లు రెండూ వస్తాయి. ఫోల్డర్‌లో ఉన్న పీడీఎఫ్‌లు, ఫొటోలు రావు. "~$" సంగతి ఏమిటంటే, వర్డ్‌లో ఏదైనా ఫైల్ తెరిచి ఉన్నప్పుడు ఆ గుర్తులతో మొదలయ్యే చిన్న ఫైల్ ఒకటి కనపడకుండా పక్కనే పుడుతుంది. వర్డ్ అర్ధాంతరంగా మూతపడితే అది అక్కడే మిగిలిపోతుంది కూడా. దాన్ని ప్రింట్ చేయబోతే మాక్రో ఆగిపోతుంది, కాబట్టి వదిలేయమన్నాం.

చివరి లైన్‌లో ఎం, ఎస్, జి అక్షరాల పక్కనే బాక్స్ అని కలిపి రాయాలి. ఇది ఎన్ని ఫైళ్లు దొరికాయో అంకె చూపి, ఓకే, క్యాన్సిల్ అడుగుతుంది. ఈ ఒక్క అంకెను తేలిగ్గా తీసుకోకండి. గార్లదిన్నె రిజిస్టర్‌లో 64 మంది ఉండి తెర మీద 63 కనిపిస్తే క్యాన్సిల్ నొక్కి ముందు ఆ ఒక్కరి ఫైల్ ఏమైందో చూడండి. కాగితాలు పడ్డాక లెక్కపెట్టడం కంటే ఇది వంద రెట్లు మేలు.

మూడో భాగం, అసలు పని:

ఓల్డ్ = అప్లికేషన్.ఆటోమేషన్‌సెక్యూరిటీ
అప్లికేషన్.ఆటోమేషన్‌సెక్యూరిటీ = 3
అప్లికేషన్.డిస్‌ప్లేఅలర్ట్స్ = 0
ఫర్ ఈచ్ వన్ ఇన్ లిస్ట్
సెట్ పేపర్ = డాక్యుమెంట్స్.ఓపెన్(ఫైల్‌నేమ్:=వన్, రీడ్‌ఓన్లీ:=ట్రూ, యాడ్‌టురీసెంట్‌ఫైల్స్:=ఫాల్స్)
పేపర్.ప్రింట్‌అవుట్ బ్యాక్‌గ్రౌండ్:=ఫాల్స్, కాపీస్:=1
పేపర్.క్లోజ్ సేవ్‌చేంజెస్:=ఫాల్స్
ఎఫ్ఎస్ఓ.మూవ్‌ఫైల్ వన్, డన్ & "\"
నెక్స్ట్
అప్లికేషన్.డిస్‌ప్లేఅలర్ట్స్ = -1
అప్లికేషన్.ఆటోమేషన్‌సెక్యూరిటీ = ఓల్డ్
ఎండ్ సబ్

సెక్యూరిటీని 3 చేయడమంటే, మనం తెరుస్తున్న ఫైళ్లలో ఎవరైనా మాక్రో దాచి ఉంటే అది లేవకుండా చేయడం. పని అయ్యాక పాత విలువ మళ్లీ పెట్టేస్తున్నాం. అలర్ట్స్ 0 చేయడం వల్ల మార్జిన్లు కాగితం అంచు దాటాయి వంటి ప్రశ్నలతో వర్డ్ ప్రతి ఫైలుకూ ఆగదు. ఫైలును రీడ్ ఓన్లీగా తెరిచి, సేవ్ చేయకుండా మూస్తున్నాం కాబట్టి అందులో ఒక్క అక్షరం కూడా మారదు.

బ్యాక్‌గ్రౌండ్ ఫాల్స్ అన్న మాట మర్చిపోవద్దు. వర్డ్ మామూలుగా ప్రింటింగ్‌ను వెనకాల చేసుకుంటూ మనల్ని వేరే పని చేసుకోనిస్తుంది. మాక్రోలో అలా జరిగితే ఫైల్ పూర్తిగా ప్రింటర్‌కు వెళ్లకముందే తర్వాతి లైన్ వచ్చి దాన్ని మూసేయవచ్చు. ఫాల్స్ పెడితే పంపడం పూర్తయ్యాకే ముందుకు కదులుతుంది.

ఇక మూవ్‌ఫైల్ లైన్. ఈ మాక్రోలో నాకు ఎంతో ముఖ్యమైన లైన్ ఇదే. ప్రింట్‌కు పంపిన ప్రతి ఫైలూ వెంటనే డన్ ఫోల్డర్‌లోకి పోతుంది. కరెంటు పోయినా, వర్డ్ ఇరుక్కుపోయినా, బయట మిగిలినవి ఇంకా పంపనివి, లోపల ఉన్నవి పంపినవి. మళ్లీ మాక్రో నడిపితే మిగిలినవే వెళ్తాయి. కాగితం మీద టిక్కులు పెట్టుకోవాల్సిన పనే లేదు.

సేవ్ చేసి ఎడిటర్ మూసేయండి. వర్డ్‌లో ఆల్ట్, ఎఫ్8 నొక్కితే మాక్రోల జాబితాలో మీరు పెట్టిన పేరు కనిపిస్తుంది. అప్పుడే రన్ నొక్కకండి.

కాగితం ఖర్చు లేకుండా పరీక్ష

మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ మీద పరీక్షించమని కొందరు చెప్తారు. అది ప్రతి ఫైలుకూ పేరు అడుగుతుంది, అరవై ఫైళ్లకు అరవైసార్లు. మంచి దారి ఇంకొకటి ఉంది. సెట్టింగ్స్‌లో మీ ప్రింటర్ పేరు మీద నొక్కి క్యూ తెరవండి. అందులో పాజ్ పెట్టండి. ఇప్పుడు మాక్రో నడిపితే ఫైళ్లన్నీ వెళ్లి క్యూలో వరుసగా నిలబడతాయి, ఒక్క కాగితం కూడా కదలదు. ఒక్కో వరుస పక్కన ఫైల్ పేరు, పేజీల సంఖ్య కనిపిస్తాయి.

ఆ జాబితాను పైనుంచి కిందికి నిదానంగా చదవండి. వరుస సరిగ్గా ఉందా? అన్నీ ఒక పేజీ ఉత్తరాలే అయి ఒక్కటి మాత్రం రెండు పేజీలని చూపిస్తోందా? అయితే ఆ ఫైల్ చివర ఖాళీ లైన్లు మిగిలిపోయి ఉంటాయి, లేదా ఫాంట్ మారి లైన్లు జరిగి ఉంటాయి. అంతా బాగుంటే పాజ్ తీసేయండి, ప్రింట్లు మొదలవుతాయి. బాగోలేకపోతే క్యూ ఖాళీ చేసి, డన్‌లోకి వెళ్లిన ఫైళ్లను మళ్లీ బయటికి తెచ్చుకోండి. బయట అదే పేరుతో ఇంకో ఫైల్ మిగల్చకండి. డన్‌లో ఆ పేరు ముందే ఉంటే మాక్రో ఫైలును జరపలేక ఎర్రర్ చూపిస్తుంది.

ప్రింటర్ వైపు చూసుకోవాల్సినవి

మాక్రో పంపేది డీఫాల్ట్‌గా ఉన్న ప్రింటర్‌కు. విండోస్‌లో లెట్ విండోస్ మేనేజ్ మై డీఫాల్ట్ ప్రింటర్ అని ఒక సెట్టింగ్ ఉంది. అది ఆన్‌లో ఉంటే చివరిసారి ఏ ప్రింటర్ వాడితే అదే డీఫాల్ట్ అవుతుంది. ఎవరో కలర్ ప్రింటర్ మీద ఒక ఫొటో తీసి వెళ్లాక మీరు మాక్రో నడిపితే నోటీసులన్నీ కలర్ ప్రింటర్‌కు పోతాయి. దాన్ని ఆఫ్ చేసి, మీకు కావాల్సిన ప్రింటర్‌ను మీరే డీఫాల్ట్ చేసుకోండి.

రెండు వైపులా ప్రింట్ కావాలంటే వర్డ్ మాక్రోతో నేరుగా చెప్పే ఆదేశం లేదు. అది ప్రింటర్ డ్రైవర్ చేతిలో ఉంటుంది. దీనికి తేలికైన ఉపాయం ఒకే ప్రింటర్‌ను విండోస్‌లో రెండోసారి వేరే పేరుతో చేర్చుకోవడం. ఒకదాని ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో ఒకవైపు, ఇంకోదానిలో రెండువైపులా అని పెట్టండి. పని మొదలుపెట్టే ముందు ఏది కావాలో దాన్ని డీఫాల్ట్ చేస్తే సరి. ఈ పద్ధతిలో ఒక్కో ఫైల్ ఒక్కో జాబ్‌గా వెళ్తుంది కాబట్టి ఒకరి నోటీసు వెనక ఇంకొకరిది పడే ప్రమాదం లేదు. మెయిల్ మెర్జ్ చేసిన ఒకే పెద్ద ఫైలులో ఆ ప్రమాదం ఉంది, అక్కడ సెక్షన్ బ్రేక్‌ను ఆడ్ పేజ్ రకానికి మార్చాలి.

కాగితం సైజు కూడా. ఎ4 అంటే 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు. లీగల్ వెడల్పు ఎనిమిదిన్నర అంగుళాలు, పొడవు 14 అంగుళాలు. ఒకే ఫోల్డర్‌లో రెండూ కలిసి ఉంటే ప్రింటర్ మధ్యలో ఆగి కాగితం మార్చమని లైటు వెలిగిస్తుంది. కోర్టు పనులు, రిజిస్ట్రేషన్ పనులు చేసేవాళ్ల దగ్గర ఇది తరచూ ఎదురవుతుంది. సైజును బట్టి ఫోల్డర్లు వేరు చేయండి.

ఇప్పుడు ఒక ముఖ్యమైన సంగతి. డన్‌లోకి వెళ్లింది అంటే వర్డ్ దాన్ని విండోస్ క్యూకు అప్పగించింది అని మాత్రమే. కాగితం మీద పడిందని కాదు. పేపర్ ఇరుక్కుంటే, టోనర్ అయిపోతే ఆ ఫైళ్లు క్యూలో ఉంటాయి. మామూలుగా ప్రింటర్ సరిచేయగానే అవి కొనసాగుతాయి, కరెంటు పోయి వచ్చినా సాధారణంగా క్యూ నిలిచే ఉంటుంది. ఇరుక్కున్న కాగితం లాగేటప్పుడు అది ఎవరి నోటీసో చూసి పెట్టుకోండి, కొన్ని ప్రింటర్లు ఆ పేజీని మళ్లీ తీస్తాయి, కొన్ని తీయవు. కట్ట పూర్తయ్యాక పై నుంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి తీసి నంబర్లు చూడండి, మొత్తం లెక్కపెట్టి మొదట తెర మీద వచ్చిన అంకెతో పోల్చండి.

లేజర్ ప్రింటర్‌ను చిన్న యూపీఎస్‌కు తగిలించకండి. లోపలి ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, యూపీఎస్ దెబ్బతినవచ్చు. కంప్యూటర్‌కు యూపీఎస్ ఉంటే చాలు.

కట్ట తలకిందులుగా వస్తే

చాలా లేజర్ ప్రింటర్లు కాగితాన్ని బోర్లా పడేస్తాయి కాబట్టి కట్ట తిప్పగానే వరుస సరిగ్గా ఉంటుంది. ఇంక్‌జెట్ రకాలు వెల్లకిలా పడేస్తాయి, మొదటిది అడుగున ఉంటుంది. అప్పుడు మూడో భాగంలో ఫర్ ఈచ్ వన్ ఇన్ లిస్ట్ అన్న లైన్ తీసేసి ఈ రెండు లైన్లు పెట్టండి:

ఫర్ ఐ = లిస్ట్.కౌంట్ టు 1 స్టెప్ -1
వన్ = లిస్ట్(ఐ)

జాబితా చివర నుంచి మొదటికి నడుస్తుంది. ఒక్కో ఫైలులో రెండు మూడు పేజీలుంటే ఆ పేజీల వరుస కూడా తిరగాలి, దానికి వర్డ్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద ప్రింట్ భాగంలో ప్రింట్ పేజెస్ ఇన్ రివర్స్ ఆర్డర్ టిక్ పెట్టండి. పని అయ్యాక ఆ టిక్ తీయడం మర్చిపోకండి, తర్వాత వచ్చేవాళ్లు ఇబ్బంది పడతారు.

మధ్యలో ఆపాలంటే కంట్రోల్, బ్రేక్ నొక్కండి. అలా ఆగినా, ఎర్రర్ వచ్చి ఆగినా వర్డ్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. చివరి రెండు లైన్లు నడవకుండా ఆగినందున అలర్ట్స్ ఆపిన స్థితిలోనే ఉండిపోతాయి, మూసి తెరిస్తే మామూలవుతుంది. పాస్‌వర్డ్ పెట్టిన ఫైళ్లు ఉంటే ముందే పక్కకు తీసి చేత్తో ప్రింట్ చేసుకోవడం నయం.

రోజూ వాడేవాళ్లు దీన్ని ఒక బటన్‌గా పెట్టుకోవచ్చు. వర్డ్ ఆప్షన్స్‌లో క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌కు వెళ్లి, చూజ్ కమాండ్స్ దగ్గర మాక్రోస్ ఎంచుకుని, మన మాక్రోను యాడ్ చేయండి. షాపులోనో ఆఫీసులోనో ఇంకో కంప్యూటర్‌కు కూడా కావాలంటే మళ్లీ టైప్ చేయనక్కర్లేదు. ఎడిటర్‌లో మాడ్యూల్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ ఫైల్ నొక్కితే చిన్న ఫైల్ ఒకటి తయారవుతుంది. దాన్ని రెండో కంప్యూటర్‌కు తీసుకెళ్లి అక్కడి ఎడిటర్‌లో నార్మల్ మీద రైట్ క్లిక్ చేసి ఇంపోర్ట్ ఫైల్‌తో తెచ్చుకోండి. అక్కడ కూడా మొదటిసారి క్యూ పాజ్‌లో పెట్టే నడపండి.